పార్కింగ్ పాట పాడేవాళ్లున్నారు, నీళ్లకేసి చూసేవాళ్లేరీ?

రేవు_బడ్డీ
ఆదివారం, రాత్రి 9:10

బాపట్ల, చీరాల వైపు వాళ్లెవరైనా ఉంటే కాస్త ఓపిగ్గా చదవండి. ఊరి పేరు రాయను. రాస్తే రేపు నా బడ్డీకొట్టు ఉండదు. సూర్యలంకకీ వాడరేవుకీ మధ్య ఎక్కడో అనుకోండి.

ఇవాళ మధ్యాహ్నం రెండున్నరకి ఒక పిల్లోడు నా కళ్ల ముందే సముద్రంలోకి పోయాడు. ఇంటర్ చదివే వయసు. ఐదుగురు రెండు బళ్ల మీద వచ్చారు. చేపల వేపుడు చెప్పి, "వేగేలోపు ఒక మునక వేసి వస్తాం బాబాయ్" అని బ్యాగులు నా బల్ల కింద పడేసి దిగారు. మూకుట్లో ముక్కలు తిరగేసేలోపే కేకలు. నలుగురు నడుంలోతులో నిలబడి అరుస్తున్నారు. ఐదోవాడి తల ఇంతలో కనిపిస్తుంది, ఇంతలో లేదు.

పక్కనే వల బాగుచేసుకుంటున్న ఇద్దరు పల్లెపాలెం కుర్రాళ్లు లేచి పరిగెత్తారు. ఒకడు నడుముకి నైలాన్ తాడు బిగించుకుని దూకాడు. రెండోవాడు కాళ్లు ఇసకలో పాతుకుని తాడు వదులుతూ నిలబడ్డాడు. బయటికి లాగేసరికి పిల్లోడి పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. బతికాడు. తాడు పట్టుకున్నవాడికి అరచేతుల్లో చర్మం లేచిపోయింది. పసుపు నేనే రాశాను.

ఇప్పుడు నా ఏడుపు వినండి. బైకుకి 20, కారుకి 50 పార్కింగ్ వసూలు చేస్తారు. రసీదు పుస్తకం ఉంది, వసూలు హక్కు పంచాయతీ వేలంలో పాడుకున్న పాటదారుడున్నాడు, అతని మనుషులు నలుగురున్నారు. నీళ్లకేసి చూసే మనిషి ఒక్కడు లేడు. ఎప్పుడో వేసిన ఇనప కుర్చీ తుప్పు పట్టింది, దాని మీద కాకులు కూర్చుంటాయి. హెచ్చరిక బోర్డు మీద ఉప్పుగాలికి అక్షరాలు ఊడిపోయి 'ప్రమాద' వరకే మిగిలింది. ఒక స్టేషన్‌కి ఫోన్ చేస్తే ఒడ్డు మాది కాదన్నారు. ఇంకో స్టేషన్‌కి చేస్తే నీళ్లు మావి కావన్నారు. మరి ఎవరివండీ?

చీరాల_మగ్గం
ఆదివారం, రాత్రి 9:34

బాబాయ్, ఆ ఇద్దరికీ నా దండం చెప్పు. మా వైపూ ఇదే కథ. శనివారం సాయంత్రం నుంచి హైదరాబాద్, గుంటూరు, ఏలూరు బళ్లతో రోడ్డు నిండిపోతుంది. సోమవారం పొద్దున చూస్తే ఇసక నిండా సీసా పెంకులు. ఒడ్డు మీద నిలబడి అలివి వల లాగేవాళ్లు చెప్పుల్లేకుండా లాగుతారు, తెలుసుగా. మొన్న ఒకాయన పాదంలో పెంకు దిగి ఆరు కుట్లు పడ్డాయి. అది ఏ కేసులోకీ రాదు.

సిటీ_కుర్రాడు
ఆదివారం, రాత్రి 10:02

తాగి దిగితే సముద్రం ఏం చేస్తుంది? సొంత బుద్ధి ఉండాలి. ప్రతిదానికీ పంచాయతీనీ పోలీసుల్నీ అంటే ఎలా?

రేవు_బడ్డీ
ఆదివారం, రాత్రి 10:08

ఆ పిల్లలు తాగలేదు తమ్ముడూ. నా దగ్గర ఐదు సోడాలు తాగారు, అంతే.

పోటుపాటు
ఆదివారం, రాత్రి 10:41

మాది పల్లెపాలెమే. మా నాన్న ఇప్పటికీ వేటకి వెళ్తాడు, నేను డిగ్రీ చదివి చీరాలలో పనిచేస్తున్నా. సిటీ నుంచి వచ్చేవాళ్లకి ఒక్క సంగతి తెలిస్తే సగం చావులు తగ్గుతాయి. వాళ్లు అలలు పెద్దగా విరిగే చోటికి భయపడతారు. పక్కనే అలలు విరక్కుండా నీళ్లు చదునుగా, కాస్త మట్టిరంగుగా ఉన్న చోటు చూసి "ఇక్కడ ప్రశాంతంగా ఉంది" అని దిగుతారు. అసలు గొయ్యి అక్కడే. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ ఆ సందులోంచే వెనక్కి పోతుంటాయి. కాలు నిలవదు, ఇసక కింద నుంచి జారిపోతుంది.

అందులో చిక్కినవాడు చేసే తప్పు ఒడ్డుకేసి ఎదురీదడం. ఎంత ఈత వచ్చినా రెండు నిమిషాల్లో రెక్కలు పడిపోతాయి. మా నాన్న చిన్నప్పుడు నాకు చెప్పింది: దాంతో పోట్లాడకు, ఒడ్డుకి సమానంగా పక్కకి ఈదు, లాగుడు తగ్గాక అలతో పాటు రా. ఈత రాకపోతే వెల్లకిలా తేలి చెయ్యెత్తు. ఆ చోటు ఈ వారం ఉన్నట్టు వచ్చే వారం ఉండదు, ఇసక దిబ్బలు కదిలేకొద్దీ మారిపోతుంది. అందుకే బోర్డు పాతితే సరిపోదు, రోజూ పొద్దున చూసి జెండా పాతే మనిషి కావాలి.

సెలవు_సిస్టర్
ఆదివారం, రాత్రి 11:15

నేను స్టాఫ్ నర్సుని. దయచేసి ఒకటి చెప్పనివ్వండి. నీళ్లు మింగినవాణ్ణి తలకిందులుగా వేలాడదీయడం, భుజాన వేసుకుని గిరగిరా తిప్పడం, పొట్ట నొక్కడం చేయొద్దు. కడుపులో నీళ్లు, తిన్నది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, తల కాస్త వెనక్కి వంచి, ముక్కు మూసి నోట్లోకి ఊపిరి ఊదాలి. తర్వాత ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా 30 నొక్కులు, 2 ఊపిర్లు, మళ్లీ 30. 108 వచ్చేదాకా ఆపకూడదు. నీళ్లలో మునిగిన కేసుల్లో ఊపిరే ముందు. తేరుకున్నా సరే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే, కొన్ని గంటల తర్వాత ఆయాసం మొదలైనవాళ్లని చూశాను.

బడ్డీ బాబాయ్, ఆ పిల్లాణ్ణి తీసుకెళ్లారా?

రేవు_బడ్డీ
సోమవారం, ఉదయం 6:20

ఆటోలో పంపాం సిస్టర్. నిజం చెప్పాలంటే మా వాళ్లు తిప్పబోయారు. పెద్దాయన ఒకాయన తిట్టి ఆపాడు. ఆ కంగారులో పిల్లోడి బ్యాగు మర్చిపోయి పోయారు. ఇంకా నా బల్ల కిందే ఉంది. ఫోను మోగి మోగి చార్జింగ్ అయిపోయింది.

పాతఖాకీ
సోమవారం, ఉదయం 9:50

హెడ్ కానిస్టేబుల్‌గా చేసి రిటైరయ్యాను, ఈ తీరంలోనే చాలా ఏళ్లు. హద్దుల గొడవ ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతా.

2008 ముంబై దాడుల వాళ్లు సముద్రం మీద నుంచి వచ్చారు. ఆ తర్వాత తీరం భద్రత మీద ఒత్తిడి పెరిగి మన రాష్ట్రంలో మెరైన్ పోలీస్ స్టేషన్లు రెండు విడతల్లో 6, 15 చొప్పున 21 అయ్యాయి. వాటి అసలు పని పడవల మీద గస్తీ, కొత్త బోట్లు, కొత్త మొహాలు కనిపెట్టడం. 12 నాటికల్ మైళ్ల వరకు, అంటే 22 కిలోమీటర్ల పైచిలుకు నీళ్లు వాళ్లు చూస్తారు, ఆ పైన కోస్ట్ గార్డ్. ఆదివారం పూట ఒడ్డున స్నానాలు చేసేవాళ్లని కాయడం కోసం పెట్టిన స్టేషన్లు కావవి. అయినా చాలాచోట్ల ఆ కానిస్టేబుళ్లే ఈల ఊదుకుంటూ తిరుగుతున్నారు, అది వాళ్ల మంచితనం. ఒడ్డు మీద దొంగతనం, కొట్లాట, తాగి గొడవ అయితే లా అండ్ ఆర్డర్ స్టేషన్.

కానీ ఫిర్యాదు తీసుకోవడానికి హద్దు అడ్డం కాకూడదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం కాగ్నిజబుల్ నేరం, అంటే పోలీసులు వారెంట్ లేకుండా అరెస్టు చేయగల నేరం, ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా రాసుకోవాలి. జీరో ఎఫ్ఐఆర్ అంటారు. మునిగి చనిపోతే మాత్రం అది నేరం కాదు, అనుమానాస్పద మరణం కింద 194 సెక్షన్లో రాస్తారు. పాతవాళ్ల నోట్లో ఇప్పటికీ పాత చట్టం నంబరు 174 అనే వస్తుంది.

స్టేషన్ నంబర్లు వెతుక్కోకుండా 112 కొట్టండి. అది రికార్డవుతుంది, మా హద్దు కాదని పెట్టేయడం కుదరదు. సముద్రంలో పడవ చిక్కుకుంటే కోస్ట్ గార్డ్ 1554, మెరైన్ పోలీసులకి 1093. బడ్డీ గోడ మీద రంగుతో రాయించండి.

ఇంకో మాట. కార్తీక పౌర్ణమికి చూడండి, ఇదే ఒడ్డున తాళ్లు కడతారు, గజఈతగాళ్లని పెడతారు, పడవలు నీళ్లలో తిరుగుతాయి. ఎలా చేయాలో మన వ్యవస్థకి తెలియక కాదు. ఏడాదికి ఒక రోజు చేస్తాం.

జెర్సీ_అబ్బాయి
సోమవారం, రాత్రి 8:30

నేను పుట్టింది చీరాల, ఉంటున్నది న్యూజెర్సీ మన్మత్ కౌంటీలో. ఇక్కడ తీరం పొడవునా చిన్న చిన్న ఊళ్లు, ప్రతి ఊరికీ సొంత కౌన్సిల్, చాలావాటికి సొంత పోలీసులు. కౌంటీ షెరిఫ్ వేరే. హద్దుల గందరగోళం మనకంటే ఏం తక్కువ కాదు. తేడా డబ్బు దగ్గర ఉంది. ఎండాకాలం బీచ్‌లోకి వెళ్లాలంటే బ్యాడ్జి కొనాలి. మా పక్కనున్న బ్రాడ్లీ బీచ్ ఊరు 1929లోనే మొదలుపెట్టింది ఆ పద్ధతి. ఆ డబ్బు లైఫ్ గార్డులకీ, ఇసక శుభ్రానికీ పోతుంది. ఎత్తు కుర్చీల మీద కూర్చున్న పిల్లలు చాలామంది కాలేజీ స్టూడెంట్లు, వేసవి ఉద్యోగం వాళ్లకి. సాయంత్రం వాళ్లు డ్యూటీ దిగిపోయాక నీళ్లలోకి దిగితే ఇక్కడా చస్తారు, అది వేరే సంగతి.

పోటుపాటు
సోమవారం, రాత్రి 9:05

అన్నా, సముద్రానికి టికెట్ పెడితే ముందు మా అమ్మని ఆపుతారు. ఎండుచేపలు ఆరబెట్టే ఇసకలోకి వెళ్లడానికి బ్యాడ్జి చూపించాలా?

జెర్సీ_అబ్బాయి
సోమవారం, రాత్రి 9:17

నేనన్నది టికెట్ పెట్టమని కాదు తమ్ముడూ. మీ దగ్గర ఆల్రెడీ పార్కింగ్ రూపంలో వసూలు చేస్తున్నారు కదా, అది ఎటు పోతోందని.

ఫైలు_మోసేవాడు
సోమవారం, రాత్రి 10:40

నేను వేరే జిల్లాలో పంచాయతీ కార్యదర్శిని. తిట్లు తినడం అలవాటే కాబట్టి ధైర్యంగా రాస్తున్నా.

పంచాయతీకి వచ్చే డబ్బుల్లో పెద్దది ఆర్థిక సంఘం గ్రాంటు. 2026 మార్చితో ముగిసే 15వ ఆర్థిక సంఘం లెక్కలో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే కట్టేశారు. మిగతా 40 శాతంలో కూడా జీతాలు ఇవ్వడానికి వీల్లేదు. లైఫ్ గార్డుకి నెలజీతం ఆ గ్రాంటులోంచి ఇస్తే మరుసటి ఏడాది ఆడిట్ అభ్యంతరం నా మెడకి. అందుకే ఏ కార్యదర్శీ ముట్టుకోడు.

ఆశీలు పాట డబ్బు మాత్రం అలా కాదు. సంత, రేవు, పార్కింగ్ ఏదైనా సరే, వేలంలో వచ్చింది పంచాయతీ సొంత ఆదాయం, జనరల్ ఫండ్. పైగా చాలామందికి తట్టని దారి ఒకటుంది. పాటకి ముందు షరతులు చదివి వినిపిస్తాం కదా: ఎంత వసూలు చేయాలి, రసీదు ఇవ్వాలి, ధరల బోర్డు పెట్టాలి అని. అందులోనే 'సెలవు రోజుల్లో పొద్దున్నుంచి చీకటి పడేదాకా ఈత వచ్చిన ఇద్దరు మనుషుల్ని, తాళ్లు, ట్యూబులతో పాటదారుడే పెట్టాలి' అని ఒక షరతు చేర్పించండి. అప్పుడు పంచాయతీ జీతం ఇవ్వక్కర్లేదు. పాట సొమ్ము కొంచెం తగ్గుతుంది, అంతే. పాటలు ఆర్థిక సంవత్సరం ప్రకారం, మార్చిలోపే అయిపోతాయి. ఇప్పుడు ఫిబ్రవరి. కదలాలంటే ఈ నెలే.

ముందు పాత షరతుల కాగితం సంపాదించండి. సమాచార హక్కు దరఖాస్తుకి గ్రామ స్థాయిలో మన రాష్ట్రంలో ఫీజు లేదు, తెల్లకాగితం చాలు. 30 రోజుల్లో ఇవ్వాలి. పాత షరతుల్లోనే లైఫ్ గార్డు మాట ఉంటే నేనేం ఆశ్చర్యపోను.

చీరాల_మగ్గం
సోమవారం, రాత్రి 10:58

కార్యదర్శి గారూ, ఇన్నాళ్లూ ఎక్కడున్నారండీ మీరు!

సిటీ_కుర్రాడు
మంగళవారం, మధ్యాహ్నం 1:12

దొంగతనాల సంగతి కూడా మాట్లాడండి. పోయిన నెల మేం స్నానం చేసి వచ్చేసరికి బండి డిక్కీ తెరిచి రెండు ఫోన్లు, పర్సు ఎత్తుకుపోయారు. పార్కింగ్ వాళ్లని అడిగితే 'వాహనాలకి మాది బాధ్యత కాదు' అని రసీదు వెనక చూపించారు.

పాతఖాకీ
మంగళవారం, మధ్యాహ్నం 3:30

డబ్బు తీసుకుని బండి పెట్టించుకున్నవాడు వెనక నాలుగు అక్షరాలు అచ్చేసినంత మాత్రాన చేతులు దులుపుకోలేడు. రసీదు దాచుకుంటే వినియోగదారుల కమిషన్‌లో పనికొస్తుంది. ఫోన్లకైతే ఫిర్యాదు కాపీతో కేంద్రం నడిపే సంచార్ సాథీ పోర్టల్లో బ్లాక్ చేయించండి, ఎవడైనా కొత్త సిమ్ వేస్తే ఆచూకీ తెలుస్తుంది. దగ్గర్లో రిసార్ట్ ఉంటే వాళ్ల కెమెరా ఫుటేజీ అడగమనండి. 2013లో వచ్చిన ప్రజా భద్రతా చట్టం ప్రకారం వందమంది చేరే సంస్థలు కెమెరాలు పెట్టి 30 రోజుల ఫుటేజీ ఉంచాలి. నెల దాటాక వెళ్తే మాత్రం ఖాళీ డబ్బా.

తోటల_మావయ్య
మంగళవారం, సాయంత్రం 6:45

ఫోన్లు సరే. చీకటి పడ్డాక సరుగుడు తోటల్లో గంజాయి వాసన సంగతి ఎవరూ ఎత్తరేం? అమ్మేది ఎవరో ఊరందరికీ తెలుసు. పేరు కూడా రాస్తా, ఫలానా...

మోడరేటర్
మంగళవారం, సాయంత్రం 6:52

పై పోస్టులో పేరు తీసేశాను. ఇక్కడ పేర్లు వద్దు మావయ్య గారూ. గంజాయి సమాచారానికి రాష్ట్రంలో మత్తుమందుల్ని అరికట్టే ఈగల్ విభాగం టోల్ ఫ్రీ 1972 ఉంది, పేరు చెప్పకుండానే ఇవ్వొచ్చు. మాట మళ్లీ నీళ్ల దగ్గరికి తీసుకురండి.

తోటల_మావయ్య
మంగళవారం, సాయంత్రం 7:01

పేరు తీసేస్తే వాసన పోతుందా? సరే, ఫోన్ చేస్తాలే.

పోటుపాటు
బుధవారం, ఉదయం 7:15

రాత్రంతా కార్యదర్శి గారి మాటే బుర్రలో తిరిగింది. పాటదారుడు ఎవరినో టౌన్ నుంచి తెచ్చి కుర్చీలో కూర్చోబెడితే లాభం లేదు. స్విమ్మింగ్ పూల్లో ఈత వేరు, ఇది వేరు. మా వాళ్లనే పెట్టాలి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు బోట్లకి వేట నిషేధం. మా కుర్రాళ్లు ఖాళీగా ఒడ్డునే ఉంటారు. భృతి 2025లో 20,000 చేశారు, మంచిదే, కానీ రెండు నెలలు ఇల్లు గడవాలిగా. సరిగ్గా ఆ రెండు నెలలే ఎండాకాలం సెలవులు, జనం విరగబడి వచ్చేది అప్పుడే.

మంచె కూడా మేమే వేసుకుంటాం. జొన్నచేలో పిట్టల కోసం వేస్తారే, అలాంటిది, నాలుగు సరుగుడు గుంజలు, పైన తాటాకు. సిమెంటు కడితే సీఆర్‌జడ్, అదే తీరంలో కట్టడాల మీద ఉన్న నిబంధనలు, అని ఎవరో ఒకరు అడ్డం పడతారు, దీనికి ఎవరేమంటారు?

ఇంకో దారి కూడా ఉంది. మా పాలెంలో పెద్దలు దురాయి, అంటే కట్టుబాటు, వేస్తే ఇప్పటికీ చెల్లుతుంది. ఫలానా వల వేయకూడదని దురాయి వేస్తే ఎవరూ వేయరు. అలాగే చీకటి పడ్డాక మన ఒడ్డున ఎవరినీ దిగనివ్వద్దని వేయిస్తే?

పాతఖాకీ
బుధవారం, ఉదయం 10:20

మీ వాళ్ల మీద వేసుకోండి బాబూ, బయటివాళ్ల మీద వేయకండి. దురాయి పేరుతో టూరిస్టుని ఒక్కడు చెయ్యిపట్టి లాగినా కేసు మీ కుర్రాడి మీదే అవుతుంది. ఇలాంటివి చాలా రాశాను. చీకటి తర్వాత ఆపాలంటే పోలీసులు ఆపాలి, మీరు ఈల ఊది 112 కొట్టండి.

పిల్లోణ్ణి కాపాడిన ఆ ఇద్దరి విషయం కూడా. నీళ్లలోంచి తీసినవాణ్ణి స్టేషన్ చుట్టూ తిప్పుతారని భయపడి ఇంతకుముందు మీ వాళ్లు పేర్లు చెప్పేవాళ్లు కాదు. ఈసారి చెప్పమనండి. మంచి పనికి రికార్డు ఉండాలి.

రేవు_బడ్డీ
మంగళవారం, రాత్రి 9:40

రెండు వారాలు కనపడలేదు, మన్నించండి. కాళ్లకి బలపం కట్టుకుని తిరిగాం.

షరతుల కాగితానికి దరఖాస్తు పెట్టాక ముప్పై రోజులు అక్కర్లేకపోయింది, తొమ్మిదో రోజే చేతికి వచ్చింది. కార్యదర్శి గారు అన్నట్టే ఉంది. ఏడో షరతు: 'యాత్రికుల రక్షణకు తగు ఏర్పాట్లు పాటదారుడే చేయవలెను.' అంత ఉంది. తగు అంటే ఏంటో ఎవరూ అడగలేదు, అతను చెప్పలేదు.

దాన్ని మార్చి రాయించమని నలభై ఏడుగురం సంతకాలు పెట్టి ఇచ్చాం. పాలెం వాళ్లు ముప్పై ఒకరు, బడ్డీల వాళ్లం తొమ్మిదిమంది, మిగతా ఊరివాళ్లు. ఊళ్లో సగం మందికి ఇది పట్టలేదు, పాట సొమ్ము తగ్గితే వీధిదీపాలు ఎవరు వేస్తారని ఒకాయన అడిగాడు. అదీ తప్పు ప్రశ్న కాదు. చివరికి 'ఇద్దరు స్థానిక మత్స్యకారులు, శని ఆదివారాలు, సెలవులు, వేట నిషేధ కాలంలో ప్రతిరోజూ' అని రాస్తామన్నారు. రాసి సంతకం అయ్యేదాకా నేను నమ్మను. జెండాల మాట ఒప్పుకోలేదు, బోర్డుకి రంగు వేయిస్తామన్నారు.

నిన్న సిస్టర్ గారు వచ్చి ఎండుచేపల పందిరి కింద పన్నెండుమందికి ఛాతీ నొక్కడం నేర్పారు. ఇసక నింపిన బియ్యం గోతం మీద. గోతం చినిగింది.

సెలవు_సిస్టర్
మంగళవారం, రాత్రి 9:55

గోతం చినిగేలా నొక్కారంటే బాగానే నేర్చుకున్నట్టు. చేపల పులుసు మాత్రం మర్చిపోలేను బాబాయ్.

చీరాల_మగ్గం
మంగళవారం, రాత్రి 10:03

బ్యాగు?

రేవు_బడ్డీ
మంగళవారం, రాత్రి 10:11

నాన్నని వెంటబెట్టుకుని వచ్చి పట్టుకెళ్లాడు. నీళ్లవైపు తిరగలేదు, బడ్డీకి వీపు ఆనించి నిలబడ్డాడు. వాళ్ల నాన్న దూకిన కుర్రాడెవరో చూపించమన్నాడు. ఆ రోజు వేటలో ఉన్నాడు, సాయంత్రం దాకా రాడు అంటే, కూర్చుంటామన్నారు. నాలుగు గంటలు కూర్చున్నారు. నావ కనిపించాక ఆ తండ్రి ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని నీళ్లలోకి దిగి, మా వాళ్లతో పాటు నావ ఒడ్డుకి నెట్టాడు.

ఫైలు_మోసేవాడు
మంగళవారం, రాత్రి 10:30

పాట ఎప్పుడు?

రేవు_బడ్డీ
మంగళవారం, రాత్రి 10:34

వచ్చే శుక్రవారం పదకొండు గంటలకి, పంచాయతీ ఆఫీసు దగ్గర. షరతులు చదివేటప్పుడు ఏడోది గట్టిగా చదవమని అడగడానికి నలుగురు ముందు వరసలో కావాలి. వచ్చేవాళ్లు పదిన్నరకే నా బడ్డీ దగ్గరికి రండి, టీ నాది.